డెకరేటివ్ లామినేట్ల గిరాకీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, కొత్తగా ప్లైవుడ్ షాపు తెరవాలనుకునే కుర్రాళ్లు, జామాయిల్ తోటలున్న రైతులు, ఈ మధ్య షేర్లు కొనేవాళ్లు కూడా మా కౌంటరు దగ్గర నిలబడి ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. చాలా ఏళ్లుగా ఈ సరుకు అమ్ముతున్న అనుభవంతో, తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాం.

లామినేట్, సన్‌మైకా, డెకోలం, ఫార్మైకా... ఇవన్నీ ఒకటేనా?

వస్తువు ఒకటే. కబోర్డులు, తలుపుల చెక్క మీద అందానికి అతికించే గట్టి పలుచని షీటు, దాని అసలు పేరు లామినేట్. సన్‌మైకా, డెకోలం, ఫార్మైకా బ్రాండ్ల పేర్లు. జిరాక్సు లాగా, డాల్డా లాగా ఆ పేర్లే సరుకు పేర్లయిపోయాయి. 1913లో అమెరికాలోని సిన్సినాటిలో హెర్బర్ట్ ఫేబర్, డేనియల్ ఓకానర్ ఫార్మైకా కంపెనీ పెట్టారు. కరెంటు సామాన్లలో ఇన్సులేషన్‌గా వాడే మైకా, అంటే అభ్రకం, దానికి బదులుగా పనికొచ్చే పదార్థం కాబట్టి ఆ పేరు వచ్చింది. రంగులు, డిజైన్లు, బల్లల మీద అతికించడం ఆ తర్వాతి సంగతి.

మన దగ్గర పాతతరం వడ్రంగులు ఇప్పటికీ 'డెకోలం' అనే అంటారు. హైదరాబాద్ సనత్‌నగర్‌లోని బేకలైట్ హైలం కంపెనీ ఆ పేరుతో షీట్లు అమ్మేది. 'హైలం షీటు' అనే మాట కూడా ఆ కంపెనీ పేరు నుంచి వచ్చిందే. ఈ సరుకుకు సంబంధించి తెలుగు నేలకు ఇంత పాత చరిత్ర ఉందని మనవాళ్లలోనే చాలామందికి తెలియదు.

అసలు దాన్ని దేనితో చేస్తారు?

కాగితంతో. ఇది చెబితే చాలామంది నమ్మరు. అడుగున ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెసిన్‌లో, అంటే వేడికి గట్టిపడే జిగురులాంటి రసాయనంలో ముంచి ఆరబెట్టిన క్రాఫ్ట్ కాగితాలు (గోధుమరంగు గట్టి కాగితాలు) కొన్ని పొరలు, వాటిమీద మెలమిన్ రెసిన్ పట్టించిన డిజైను కాగితం, కొన్ని రకాలకు దానిపైన పారదర్శకమైన మరో పలుచని పొర ఉంటాయి. వీటన్నిటినీ 120 డిగ్రీలకు పైగా వేడిలో, చదరపు సెంటీమీటరుకు 50 కిలోలకు తగ్గని ఒత్తిడితో నొక్కితే ఒకటే పలకగా గట్టిపడుతుంది. మళ్లీ వేడి చేసినా కరగదు. షీటు వెనక భాగం ముదురు గోధుమరంగులో కనిపించడానికి ఆ ఫినాల్ రెసిన్, క్రాఫ్ట్ కాగితమే కారణం. మన దేశంలో దీనికి వర్తించే ప్రమాణం ఐఎస్ 2046.

గిరాకీ ప్రధానంగా ఎక్కడి నుంచి వస్తుంది?

ఇళ్ల నుంచి. ఆఫీసులు, ఆసుపత్రులు, హోటళ్లు, రైలు పెట్టెలు, మాల్స్‌లో మరుగుదొడ్ల గదులు కూడా వాడతాయి కానీ షాపు నడిపేది మాత్రం వార్డ్‌రోబ్, కిచెన్, టీవీ యూనిట్, పూజ గది తలుపు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. హైదరాబాద్ పక్కన కోకాపేటలోనో తెల్లాపూర్‌లోనో కొత్త టవర్ల ప్రకటన చూసి, లామినేట్లకు మంచి రోజులొచ్చాయని లెక్క వేసుకుంటారు. టవర్ మొదలైన రోజున మనకు ఒక్క షీటూ పోదు. మూడు నాలుగేళ్లకు తాళాలు చేతికిస్తారు. ఓనరు పాలు పొంగించుకుంటాడు. ఆ తర్వాత ఇంటీరియర్ పనికి కొటేషన్లు అడుగుతాడు. అప్పుడు కదులుతుంది మన సరుకు. కాబట్టి చూడాల్సింది ఈ ఏడాది ఎన్ని ప్రాజెక్టులు మొదలయ్యాయన్నది కాదు, ఎన్ని ఫ్లాట్లు స్వాధీనమవుతున్నాయన్నది. పెట్టుబడి కోసం కొని ఖాళీగా వదిలేసిన ఫ్లాట్లు కూడా ఉంటాయి, వాటిని లెక్కలోంచి తీసేయాలి.

దీనికి తోడు పాత ఇళ్ల గిరాకీ. పన్నెండు, పదిహేనేళ్ల క్రితం చేయించిన కిచెన్లు ఇప్పుడు విప్పి మళ్లీ చేయిస్తున్నారు. కొత్త ఫ్లాట్ల అమ్మకాలు మందగించినా షాపు మూతపడకుండా కాపాడేది ఈ పనే. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి, వరంగల్ లాంటి చోట్ల దీని బరువు ఇంకా పెరుగుతుందని మా నమ్మకం.

ఒక ఇంటికి ఎన్ని షీట్లు పడతాయి?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఈ వ్యాపారం సగం అర్థమైనట్టే. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. షీటు సైజు 8 అడుగులు, 4 అడుగులు. అంటే 32 చదరపు అడుగులు.

ఆరడుగుల వెడల్పు, అటకతో కలిపి తొమ్మిదడుగుల ఎత్తు, రెండడుగుల లోతు ఉన్న మామూలు వార్డ్‌రోబ్ తీసుకోండి. బయటికి కనిపించేది ముందరి తలుపులు 54 చదరపు అడుగులు, ఒక పక్క గోడ 18. మొత్తం 72. కోతలో పోయేది కలుపుకుంటే మూడు షీట్లు.

ఇప్పుడు లోపలికి రండి. తలుపుల లోపలివైపు 54. వెనక పలక 54. నిలువు పలకల లోపలి ముఖాలు నాలుగు, 72. మధ్య పలకకు అటూ ఇటూ ఉన్న రెండు భాగాల్లో నాలుగేసి అడ్డ పలకలు, వాటి పైనా కిందా కలిపి 96. అడుగు, పైకప్పు, అటక పలక రెండువైపులా కలిపి 48. అన్నీ కూడితే 324 చదరపు అడుగులు. పదికి పైగా షీట్లు.

చూశారా? దంపతులిద్దరూ రెండు గంటలు కూర్చుని నమూనాల ఫోల్డర్లు తిరగేసి, ఇంటికెళ్లి వాట్సాప్‌లో బంధువుల్ని అడిగి ఎంచుకున్న డిజైను మూడు షీట్లు. ఎవరూ ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా 'లోపల ఆఫ్ వైట్ వేసేయండి' అన్నది పది షీట్లు. ఆ లోపలి షీటునే మేం లైనర్ అంటాం. మందం ఒక మిల్లీమీటరు కంటే తక్కువ, ధర తక్కువ, మిగులు తక్కువ. కానీ పరిమాణం అంతా అక్కడే. లామినేట్ల గిరాకీ గురించి రాసే కథనాల్లో కొత్త రంగులు, కొత్త టెక్స్చర్ల ముచ్చటే ఎక్కువ. లైనర్ గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడవలసిన విషయం మాత్రం అదే, ఎందుకో తర్వాతి జవాబులో చెబుతాం.

ప్రీలామ్ బోర్డులు వచ్చాక షీట్ల గిరాకీ పడిపోతుందా?

బయటి షీటుది పడిపోదు. లైనర్‌ది ఇప్పటికే పడుతోంది.

ప్రీలామ్ అంటే పార్టికల్ బోర్డు (కర్ర ముక్కల పొట్టును జిగురుతో నొక్కిన పలక) లేదా ఎం.డి.ఎఫ్. (కర్రను పీచుగా చేసి జిగురుతో నొక్కిన పలక) మీద మెలమిన్ కాగితాన్ని ఫ్యాక్టరీలోనే నేరుగా నొక్కేసిన పలక. అందులో క్రాఫ్ట్ కాగితం పొరలుండవు. ఫెవికాల్ పూయడం, బరువులు పెట్టి ఆరనివ్వడం, అంచులు చెక్కడం అనే పనులేవీ ఉండవు. కోయడం, అంచుకు ఎడ్జ్ బ్యాండ్ అనే పట్టీ వేయడం, బిగించడం, అంతే. పైన లెక్కవేసిన వార్డ్‌రోబ్ పెట్టెను ప్రీలామ్‌తో చేస్తే ఆ పది లైనర్ షీట్లూ అక్కర్లేదు. తలుపుల బయటి షీటు మాత్రం మిగులుతుంది, కొన్నిసార్లు అదీ ఉండదు.

కబోర్డులు, కిచెన్లు ఫ్యాక్టరీలోనే చేసి తెచ్చి బిగించే మాడ్యులర్ కంపెనీలు ఎంత పెరిగితే ఈ మార్పు అంత వేగంగా వస్తుంది. వాళ్లకు ప్యానెల్ సా (పలకలు కోసే మెషీన్) మీద పొద్దున కోసింది సాయంత్రానికి ప్యాక్ కావాలి. ఒక్కో పలకకు లైనర్ అతికించి కూర్చోలేరు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. నగరంలో నైపుణ్యమున్న కార్పెంటర్లు దొరకడం కష్టమైంది, దొరికినవాళ్లలో ఎక్కువమంది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి వచ్చినవాళ్లు, పండగలకు ఊళ్లకెళ్తే పని ఆగిపోతుంది.

అయినా మన జిల్లాల్లో సైటులోనే ప్లైవుడ్‌తో చేయించుకునే అలవాటు బలంగా ఉంది. నీళ్లు తగిలితే పార్టికల్ బోర్డు ఉబ్బుతుందని జనానికి తెలుసు. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు గాలిలో తేమ వల్ల ఆ భయం మరీ ఎక్కువ. అది అర్థం లేని భయం కాదు, సింకు కింద పెట్టెకు ప్రీలామ్ పార్టికల్ బోర్డు వద్దని మేం కూడా చెబుతాం. పడకగది వార్డ్‌రోబ్ లోపలికి మాత్రం మంచి ప్రీలామ్ బాగానే ఉంటుంది. సరుకు అమ్ముకోవడానికి మంచిదాన్ని చెడ్డదని చెప్పలేం.

ఆంధ్రప్రదేశ్‌లో ఇన్ని బోర్డు, లామినేట్ ఫ్యాక్టరీలు ఎందుకొచ్చాయి?

వరసగా చూస్తే అర్థమవుతుంది. 2018లో శ్రీకాళహస్తి దగ్గర ఇప్పటి గ్రీన్‌ప్యానెల్ ఎం.డి.ఎఫ్. ఫ్యాక్టరీ మొదలైంది, అప్పట్లో అది గ్రీన్‌ప్లై కంపెనీది. 2021లో రుషిల్ డెకార్ అచ్యుతాపురంలో పెట్టింది. 2023లో గ్రీన్‌లామ్ నాయుడుపేటలో లామినేట్ల ఉత్పత్తి ప్రారంభించి, తర్వాత అక్కడే పార్టికల్ బోర్డు కూడా మొదలుపెట్టింది. 2024లో సెంచురీ ప్లై బద్వేలు దగ్గర లామినేట్లు, ఎం.డి.ఎఫ్. తయారీలోకి దిగింది.

కారణాల్లో మొదటిది కర్ర. ప్రకాశం, నెల్లూరు, గుంటూరు వైపు జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలు విస్తారంగా ఉన్నాయి. ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డు రెండింటికీ అదే ముడిసరుకు. రెండోది రేవులు. డిజైను కాగితం, రసాయనాలు చాలావరకు ఓడల మీద వస్తాయి, తయారైన సరుకు ఓడల మీద పోతుంది. నాయుడుపేట నుంచి కృష్ణపట్నం, చెన్నై రేవులు రెండూ దగ్గరే. మూడోది మార్కెట్. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై మూడింటికీ లారీ తొందరగా చేరుతుంది.

లామినేట్ల గిరాకీ పెరిగితే జామాయిల్, సుబాబుల్ రైతుకు లాభమా?

రైతులు తరచూ అడుగుతారు కాబట్టి స్పష్టంగా చెప్పాలి. మీ కర్ర లామినేట్ షీటులోకి నేరుగా పోదు, దాని కింద అతికే బోర్డులోకి పోతుంది. కాబట్టి మీరు చూసుకోవాల్సింది ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డు ఫ్యాక్టరీలు ఎంత నడుస్తున్నాయన్నది. ఎన్నో ఏళ్లు ఈ కర్రకు కాగితం మిల్లులే దిక్కు. వాళ్లు చెప్పిందే రేటు, మధ్యలో దళారీ కోత, తూకం దగ్గర గొడవ. కొనేవాళ్లు నలుగురైతే రైతు నోటికి కొంత విలువ వస్తుంది. అది మంచిదే. అయితే తోట నాటింది మొదలు నరికేదాకా మూడు నాలుగేళ్లు పడుతుంది. ఇవాళ్టి రేటు చూసి నాటితే నరికేనాటికి అదే రేటుంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఉన్న ఎకరాలన్నీ ఒకేసారి ఈ తోటలకు ఇవ్వొద్దని మా సలహా.

ఏ నెలల్లో అమ్మకాలు బాగుంటాయి?

పంచాంగం చూసుకోండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో గృహప్రవేశాలుండవు. గురు, శుక్ర మూఢాలొస్తే మరికొన్ని వారాలు పోతాయి. శ్రావణం, మాఘం, వైశాఖం మంచి నెలలు.

అయితే ముహూర్తాల నెలలోనే అమ్మకం జరుగుతుందనుకోవద్దు. సొంతంగా ఇల్లు కట్టుకునేవాళ్లు ప్రవేశానికి ముందే చెక్కపని పూర్తి చేయించుకుంటారు. శ్రావణంలో ముహూర్తమైతే జ్యేష్ఠం, ఆషాఢాల్లో మన దగ్గర షీట్లు పోతాయి. అంటే అందరూ శూన్యమాసమని కూర్చున్నప్పుడు మా గోడౌన్ నడుస్తుంది. అపార్ట్‌మెంటువాళ్లది తిరగబడిన లెక్క, ముందు పాలు పొంగించి, తర్వాత పని. ఈ రెండు రకాల ఖాతాదారులు మీ ఊళ్లో ఏ నిష్పత్తిలో ఉన్నారో తెలిస్తే ఏ నెలలో స్టాకు పెంచాలో దానంతటదే తెలుస్తుంది.

ధరలు ఎందుకు మారుతుంటాయి?

రెసిన్ వల్ల. ఫినాల్ పెట్రో రసాయనం. ఫార్మాల్డిహైడ్ మిథనాల్ నుంచి వస్తుంది, మిథనాల్ మన దేశం ఎక్కువగా దిగుమతి చేసుకుంటుంది. ఫినాల్‌కు 2018లో గుజరాత్‌లోని దహేజ్‌లో దీపక్ ఫినాలిక్స్ పెద్ద ప్లాంటు పెట్టాక పరిస్థితి కొంత మెరుగుపడింది. మెలమిన్ దేశంలో తయారుచేసేది వడోదరలోని జీ.ఎస్.ఎఫ్.సీ. ముడిచమురు ధర, డాలరు రేటు, ఓడల కిరాయి, ఈ మూడింటిలో ఏది కదిలినా కొన్ని వారాల్లో డీలరుకు కొత్త రేట్ల లిస్టు వస్తుంది. 2021లో వరసగా పెంపులు వచ్చినప్పుడు పాత కొటేషన్ ఇచ్చి ఇరుక్కుపోయిన ఇంటీరియర్ కాంట్రాక్టర్లు ఎంతో ఇబ్బంది పడ్డారు. కొటేషన్ మీద గడువు తేదీ రాయడం అప్పటినుంచే చాలామంది నేర్చుకున్నారు.

వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ. వెయ్యి రూపాయల షీటుకు 180. దుకాణదారుకు, కాంట్రాక్టరుకు ఆ పన్ను సర్దుబాటు అవుతుంది, ఇల్లు చేయించుకునే మనిషికి కాదు. బిల్లు లేకుండా అడిగేవాళ్లు ఎక్కువ కావడానికి కారణం అదే. బిల్లు తీసుకోండి. షీటు పొర లేచినా, రంగు తేడా వచ్చినా కంపెనీని అడగడానికి మీ దగ్గరుండే ఆధారం అదొక్కటే.

ఏ డిజైన్లకు గిరాకీ ఎక్కువ?

చెక్క గీతల డిజైన్లు, తెలుపు, లేత బూడిద, బిస్కెట్ రంగు. ఎన్ని ఫ్యాషన్లు మారినా వీటి అమ్మకం ఆగదు. మెరిసే హై గ్లాసీ నుంచి జనం మెరుపు తక్కువగా ఉండే సూడ్, మ్యాట్ వైపు వచ్చేశారు. వేలిముద్రలు పడని అల్ట్రా మ్యాట్‌ను కిచెన్‌కు బాగా అడుగుతున్నారు, ధర విన్నాక సగంమంది మామూలు మ్యాట్‌కు వస్తారు.

ఇక్కడ మాకు జరిగిన నష్టం చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక డిస్ట్రిబ్యూటరు, పేరు అనవసరం, ఎర్ర హై గ్లాసీ షీట్లు 60 తీసుకుంటే స్కీము ఉందని చెప్పాడు. తీసుకున్నాం. పద్దెనిమిది పోయాయి. మరుసటి ఏడాది ఫోల్డర్‌లోంచి ఆ షేడ్ తీసేశారు. ఫోల్డర్‌లో లేని షీటు ఎవరూ కొనరు, ఎందుకంటే మధ్యలో ఒకటి తక్కువపడితే మళ్లీ దొరకదు. మిగతా 42 షీట్లు మూడేళ్లకు పైగా గోడకు ఆనుకుని ఉండి, కొన్ని వంగిపోయి, చివరికి సగం ధరకు పోయాయి. అప్పటినుంచి మేం ఫోల్డర్లు ఎన్నయినా పెడతాం కానీ షీట్లు మాత్రం మా ఊళ్లో ఆరు నెలల్లో కనీసం మూడుసార్లు అడిగిన షేడ్‌వే నిలవ ఉంచుతాం. నిలవ చేసేటప్పుడు పడుకోబెట్టే ఉంచుతాం.

ఇల్లు చేయించుకునేవాళ్లకు కూడా ఇందులో ఒక మాట ఉంది. అవసరానికి ఒక షీటు ఎక్కువే కొనండి. ఒకే నంబరు షేడ్ అయినా వేరే బ్యాచ్‌లో రంగు పిసరంత మారుతుంది, పక్కపక్క తలుపుల మీద అది కనపడుతుంది.

0.8 మందం సరిపోతుందా, ఒక మిల్లీమీటరే కావాలా? బ్రాండ్ లేని షీటు కొనొచ్చా?

తలుపుల బయటివైపు ఒక మిల్లీమీటరు వేయండి, లోపలికి లైనర్ చాలు. 0.8 అని అమ్మే షీటు కొలిస్తే అంతకంటే తక్కువ ఉండటం మేం చూశాం. మందం కొలిచే స్క్రూగేజీ ఖరీదు ఎక్కువ కాదు, డీలరు ఎవరైనా ఒకటి కౌంటరు మీద పెట్టుకోవాలి. గుజరాత్‌లోని మోర్బీ, అహ్మదాబాద్ వైపు ఎన్నో చిన్న ఫ్యాక్టరీలున్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. మన జిల్లాల్లో బ్రాండ్ లేని షీట్లకు గిరాకీ తక్కువేం కాదు. ఐఎస్ఐ గుర్తు, మందం, అంచు తెల్లగా చిట్లకుండా కోత రావడం, ఈ మూడూ చూసుకుని కొంటే మోసపోరు.

డిజైను ఎంచుకునేది ఎవరు? కార్పెంటర్ కమీషన్ నిజమేనా?

రంగు ఇంటి ఇల్లాలు ఎంచుకుంటుంది. బ్రాండు, షాపు మాత్రం చాలాసార్లు కార్పెంటరో డిజైనరో ఎంచుకుంటారు. కమీషన్ ఉంది, దాచడానికి ఏమీ లేదు. కంపెనీలే పాయింట్లు, బహుమతులు ఇస్తాయి. మాకు బాధ కలిగించేది కమీషన్ కాదు. దానికోసం 10 షీట్లు సరిపోయేచోట 14 రాయించడం, మిగిలినవి మాయమవడం. మేస్త్రి ఇచ్చిన లిస్టును పైన చూపిన పద్ధతిలో మీరే ఒకసారి లెక్క వేసుకోండి. నిజాయితీగల మేస్త్రి దానికి ఏమీ అనుకోడు.

అక్రిలిక్, పీవీసీ షీట్లు, వెనీర్ (అసలు చెక్క పలుచని పొర) లామినేట్లను మింగేస్తాయా?

కొంత తింటాయి. కిచెన్ తలుపులకు అక్రిలిక్, టీవీ గోడకు గీతల ప్యానెళ్లు వచ్చాక అక్కడ లామినేట్ తగ్గింది. వెనీర్ ఖరీదు, పాలిష్ ఖర్చు వేరు, అది కొద్దిమందికే. గీతపడకుండా, వేడికి మెత్తబడకుండా, ఈ ధరలో దొరికేది మాత్రం ఇప్పటికీ లామినేటే.

అమెరికాలో వంటింటి గట్టుకు లామినేట్ వేస్తారట, ఇక్కడెందుకు వేయరు?

అక్కడున్న మన పిల్లలు అడిగే ప్రశ్న. అక్కడ దశాబ్దాలపాటు లామినేట్ అంటే ముందుగా కౌంటర్ టాపే. ఇక్కడ చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఉండగా గట్టు మీద కాగితం పలక ఎవరు వేస్తారు? పైగా మన వంటలో వేడి గిన్నె నేరుగా దించుతాం, నీళ్లు పోసి కడుగుతాం. అందుకే మన దగ్గర గిరాకీ అంతా నిలువు పలకలకే.

ఎగుమతులు ఉన్నాయా?

బాగా ఉన్నాయి. పెద్ద భారతీయ కంపెనీలు వందకు పైగా దేశాలకు పంపుతున్నాయి. కొన్నిటికి అమ్మకాల్లో సగం దరిదాపు బయటి దేశాలదే. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక కిరాయిలు పెరిగి ఇబ్బందిపడ్డారు.

కొత్త షీట్ల వాసన ఆరోగ్యానికి హానికరమా?

పూర్తిగా గట్టిపడిన లామినేట్ నుంచి వచ్చేది చాలా తక్కువ. కళ్లు మండే వాసన ఎక్కువగా కింది బోర్డు నుంచి, జిగురు నుంచి వస్తుంది. బోర్డు కొనేటప్పుడు ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే ఈ1 లేదా అంతకంటే మెరుగైన తరగతి అని అడగండి. పని అయ్యాక రెండు మూడు వారాలు తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి. ఇంట్లో చంటిపిల్లలుంటే ఆ వారాలు ఆగి చేరడమే మంచిది.

ఇప్పుడు కొత్తగా లామినేట్ షాపు పెట్టొచ్చా?

షీట్లు మాత్రమే అమ్మే షాపు అయితే వద్దంటాం. లైనర్ అమ్మకం ఏటికేడు తగ్గే సరుకు, దాని మీద ఆధారపడి అద్దె కట్టలేరు. ప్లైవుడ్, ప్రీలామ్, ఎడ్జ్ బ్యాండ్, హింజులు, ఛానెళ్లు కూడా పెట్టండి. చోటుంటే ఒక ప్యానెల్ సా, ఒక ఎడ్జ్ బ్యాండింగ్ మెషీన్ పెట్టి కోసి ఇచ్చే పని మొదలుపెట్టండి. చిన్న కార్పెంటర్లకు ఆ మెషీన్లు కొనే స్తోమత ఉండదు. మీ దగ్గర కోయించుకుంటే వాళ్లూ మాడ్యులర్ కంపెనీలతో సమానంగా పని ఇవ్వగలరు, సరుకూ మీ దగ్గరే తీసుకుంటారు. షాపు తెరిచే ముందు మీ ఊళ్లో పని జరుగుతున్న ఇరవై ఇళ్లకు స్వయంగా వెళ్లి, కబోర్డు తలుపు తెరిచి, లోపల అతికించింది లైనరా, ప్రీలామా చూసి రాసుకోండి. సరుకు ఏది ఎంత తెప్పించాలో ఆ కాగితమే చెబుతుంది.